సాయంత్రం ఏడున్నర దాటితే రోవర్‌కు ఫిక్స్ ఎందుకు పోతాంది?

రోవర్_ఓబులేసు
అనంతపురం పక్కన సోలార్ ప్లాంటు పని. పైల్ మార్కింగ్, అంటే ప్యానెళ్ల స్తంభాలు దిగే చోట పెగ్గులు కొట్టేది, చేస్తాండాం. మార్చి ఎండకు పగలు నిలబడలేక సాయంత్రం 5 నుంచి రాత్రి 10:30 దాకా పెట్టుకున్యాం. ఏడున్నర దాకా రోవర్, అంటే పోల్ మీద పెట్టే జీపీఎస్ రిసీవర్, బంగారం మాదిరి పని చేస్తాది. ఆ తర్వాత ఫిక్స్ (సెంటీమీటర్ల కచ్చితత్వం) పోయి ఫ్లోట్ (అంతకంటే తక్కువది). కాసేపటికి అదీ పోయి సింగిల్ (సవరణ లేని మామూలు జీపీఎస్). పది నిమిషాలకు మళ్లీ ఫిక్స్, మళ్లీ ఫ్లోట్. పది దాటితే ఏమీ జరగనట్టు మామూలైపోతాది. బేస్ (రోవర్‌కు రేడియోలో సవరణలు పంపే కదలని రిసీవర్) మూడు కిలోమీటర్లు కూడా లేదు. చెట్టు లేదు, గోడ లేదు, పైనంతా బయలు.

బ్యాటరీ మార్చినాం. రేడియో యాంటెన్నా మార్చినాం. ఫర్మ్‌వేర్ కొత్తది వేసినాం. మొన్న ఇంకా ఘోరం. ఫిక్స్ అని చూపిస్తాన్నప్పుడే కొట్టిన రెండు వరసల పెగ్గులు పొద్దున చూస్తే 40 సెంటీమీటర్లు పక్కకున్యాయి. కాంట్రాక్టరు రెండు రోజుల కూలి పట్టుకోని "నీకు పోల్ నిలబెట్టేది రాదు" అంటాండాడు. పన్నెండేండ్లుగా ఇదే పని నాది. ఎవురికన్నా ఇట్లయిందా?

మిర్చిబజ్జి404
ఏడున్నర అంటే సీరియళ్ల టైమ్. ఉపగ్రహాలకు మాత్రం ఇల్లూ వాకిలీ ఉండవా అన్నా

డ్రోన్_దుర్గ
నాకూ అయింది. చిలకలూరిపేట దగ్గర మిరప తోటల మ్యాపింగ్, సాయంత్రం వెలుగు ఉండగానే ముగించేదాన్ని. ఒకరోజు ఆలస్యమై ఏడూముక్కాలుకి ఎగరేస్తే ఆర్‌టీకే (బేస్ సవరణలతో సెంటీమీటర్లలో కొలిచే పద్ధతి) పోయింది. పక్కనే సెల్ టవర్ ఉంటే దాని మీదికి తోసేశాను.

కేబుల్_కాశన్న
ముందుగాల కేబుల్ చూడుర్రి. పదింట్ల తొమ్మిది సార్లు కేబులే ఉంటది. సాయంత్రం చల్లవడంగనే కనెక్టర్ల తేమ పడుతది, గంతే. లేకుంటే పక్క హైవే మీద లారీల జామర్ పెట్టుకొని తిరిగెటోళ్లు ఉంటరు, ఓనరుకు ట్రాకర్ల దొరకొద్దని. గదొకటి అరుసుకో.

రోవర్_ఓబులేసు
@కేబుల్_కాశన్న మార్చి నెలలో అనంతపురంలో తేమ యాడిదన్నా, గొంతులోనే తేమ లేదు. కరెక్షన్ ఏజ్, అంటే బేస్ సవరణ వచ్చి ఎంతసేపైందో, ఒక సెకనే చూపిస్తాంది, అంటే రేడియో లింకు బాగుంది. హైవే 11 కిలోమీటర్లు. రోజూ ఒకే టైముకి ఏ లారీ వస్తాది?

అయనో_అక్క
ఓబులేసు గారూ, మీ పోల్ తప్పు కాదు, కేబుల్ తప్పు కాదు. ఉపగ్రహానికీ మీకూ మధ్య ఉన్న గాలి తప్పు. గాలి అనకూడదులెండి, అయనోస్ఫియర్. నా పీహెచ్‌డీ దీని మీదే కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, తిట్టుకోకండి.

పగలు ఎండ తాకిడికి పైన గాలిలోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడి వస్తాయి. 300, 400 కి.మీ. ఎత్తున ఇవి బాగా చిక్కగా ఉంటాయి, దాన్ని ఎఫ్ పొర అంటాం. 110 కి.మీ. దగ్గర ఇంకో పొర, ఈ పొర. ఇంగ్లిష్ అక్షరం ఈ, మన "ఈ" కాదు. పొద్దుగూకగానే కింది పొర చకచకా పలచబడిపోతుంది. అక్కడ గాలి దట్టం కాబట్టి ఎలక్ట్రాన్లు అయాన్లతో తొందరగా కలిసిపోతాయి. పైపొర మాత్రం చిక్కగానే ఉంటుంది.

మన దక్షిణాదిలో ఇంకో తిరకాసు ఉంది. భూమి అయస్కాంత రేఖలు తిరునెల్వేలి, తిరువనంతపురం ప్రాంతంలో నేలకు సమాంతరంగా ఉత్తరానికి సాగుతాయి. అదే అయస్కాంత భూమధ్యరేఖ. సూర్యాస్తమయం వేళ అక్కడ తూర్పు దిక్కుగా ఉండే విద్యుత్ క్షేత్రం ఒక్కసారి పెరుగుతుంది. ఈ రెండూ కలిసి ఎఫ్ పొరను ఇంకా పైకి నెడతాయి. అంటే చిక్కనిది పైన, పలచనిది కింద. నూనె అడుగున పెట్టి నీళ్లు మీద పోసినట్టు. ఎంతసేపు ఆగుతుంది? చిన్న అలజడి చాలు, కింది పలచని ప్లాస్మా బుడగలై పైకి లేస్తుంది. వీటినే ప్లాస్మా బుడగలంటారు. లోపల ఎలక్ట్రాన్లు చుట్టుపక్కల కంటే పది రెట్లు, వంద రెట్లు తక్కువగా ఉండొచ్చు. అంచులేమో చిందరవందర.

ఆ చిందరవందరలోంచి వచ్చే సంకేతమే మీ రోవర్‌కు అందుతోంది. సిమెంటు తొట్టిలో నీళ్లు కదులుతుంటే అడుగున ఎండ వలలా మెరుస్తూ జరుగుతుంది చూడండి, ఒకచోట ఎక్కువ వెలుగు, పక్కన చీకటి. మీ యాంటెన్నా ఆ తొట్టి అడుగున ఉన్నట్టు. సంకేతం బలం సెకన్లలో పడుతుంది, లేస్తుంది. దీన్ని సింటిలేషన్ అంటారు. మీ యంత్రం ఫేజ్, అంటే రేడియో అలలు, లెక్క పెట్టుకుంటూ కూర్చుని ఉంటుంది కదా, సంకేతం లోతుగా పడినప్పుడు లెక్క తప్పుతుంది. అదే సైకిల్ స్లిప్. లెక్క తప్పితే ఫిక్స్ పోతుంది. ఒక్కోసారి తప్పు లెక్కనే ఒప్పనుకుని ఫిక్స్ అంటుంది. మీ 40 సెంటీమీటర్లు అదే.

మిర్చిబజ్జి404
అంటే ఆకాశంలో పప్పు పొంగుతోందన్నమాట

అయనో_అక్క
@మిర్చిబజ్జి404 చాలామంది ఇలాగే అంటారు, కానీ పప్పు పొంగేది కింద మంట వల్ల. ఇక్కడ మంట లేదు. బరువైనది తేలికదాని మీద కూర్చోవడమే గొడవంతా.

మిర్చిబజ్జి404
ఉమ్మడి కుటుంబం మోడల్. అర్థమైంది

డల్లాస్_బాబాయ్
నేను 15 ఏళ్లుగా టెక్సస్‌లో సర్వే కంపెనీలో ఉన్నాను, రాత్రీ పగలూ రోవర్ వాడతాం. ఇలాంటిది ఒక్కసారీ చూడలేదు. ఫిజిక్స్ బాగానే ఉంది కానీ ముందు రిసీవర్ నాణ్యత చూసుకోండి. చవకరకం బోర్డులు చాలా తిరుగుతున్నాయి మార్కెట్లో.

అయనో_అక్క
@డల్లాస్_బాబాయ్ మీరు చూడకపోవడమే దీనికి సాక్ష్యం బాబాయ్. బుడగ నిటారు గొట్టంలా ఉండదు, అయస్కాంత రేఖ వెంబడి ఉత్తర దక్షిణాలుగా కమానులా వంగి ఉంటుంది. మధ్యలో ఎంత ఎత్తుకు లేస్తే చివర్లు అంత దూరం చేరతాయి. అనంతపురం ఆకాశంలోకి రావాలంటే అయస్కాంత భూమధ్యరేఖ మీద సుమారు 400 పైచిలుకు కి.మీ. లేస్తే చాలు. హైదరాబాదుకు 500, అహ్మదాబాదుకు 800 దాకా కావాలి. మీ డల్లాస్‌కు రావాలంటే 5,000 కి.మీ. దాటాలి. అంత ఎత్తుకు ఏ బుడగా ఎక్కదు. ఇదే రిసీవర్ను బ్రెజిల్ తీసుకెళ్లి చూడండి, అక్కడి సర్వేయర్లు మీకంటే మాకు దగ్గర చుట్టాలు.

డల్లాస్_బాబాయ్
ఒప్పుకుంటాను. అయితే మాకూ ఒకసారి దెబ్బ తగిలింది. 2003 అక్టోబరు చివర పెద్ద సౌర తుపాను వచ్చినప్పుడు విమానాలకు వాడే వ్యాస్ (అమెరికా జీపీఎస్ సవరణల వ్యవస్థ)లో నిలువు మార్గదర్శనం గంటల తరబడి పనికిరాకుండా పోయిందని మా సీనియర్లు చెప్పేవాళ్లు. మీదీ సౌర తుపానేనా మరి?

అయనో_అక్క
కాదు, అందరూ పొరబడేది ఇక్కడే. బుడగలకు తుపాను అక్కర్లేదు. ఏ గొడవా లేని ప్రశాంతమైన రోజున హాయిగా పుడతాయి. తుపాను వచ్చిన రోజున ఒక్కోసారి అసలు పుట్టవు కూడా, విద్యుత్ క్షేత్రం తిరగబడితే పొర పైకి లేవదు.

వాల్తేరు_పాతకాపు
ఈ చర్చ చూసి మనసు ఎక్కడికో పోయింది బావూ. నేను వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీలో ఫిజిక్స్ చదువుకున్నవాణ్ణి. ప్రొఫెసర్ బి. రామచంద్రరావు గారు వేసిన పునాది మీద అక్కడ అయనోస్ఫియర్ పరిశోధన నడిచేది. అప్పట్లో జీపీఎస్ ఏటి, కంప్యూటరే గదంత ఉండేది.

మాకు ఇది మొదట కనబడింది అయనోసోండ్ మీద. నేల నుంచి పైకి రేడియో తరంగం వదిలితే పొర నుంచి ప్రతిధ్వని వచ్చి గీత పడాలి. పగలంతా సన్నగా చక్కని గీత. సంధ్య దాటాక ఆ గీత చెమ్మ కాగితం మీద సిరా పాకినట్టు పరుచుకుపోయేది. దాన్ని స్ప్రెడ్ ఎఫ్ అంటాం. 1938లోనే పెరూ దేశంలో హువాంకాయో దగ్గర బుకర్, వెల్స్ అనే ఇద్దరు దీని గురించి రాశారు. వాళ్లు చూసినదీ అయస్కాంత భూమధ్యరేఖ కిందే.

తర్వాత ఉపగ్రహాలు వచ్చాయి. 1975, 76ల్లో ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహాన్ని మన వైపు జరిపి పల్లెలకు టీవీ చూపించారు కదా, సైట్ కార్యక్రమం. మన రాష్ట్రం పల్లెలు కూడా అందులో ఉండేవి. ఊళ్లో వాళ్లు దాంట్లో వ్యవసాయం కార్యక్రమం చూస్తుంటే, అదే ఉపగ్రహం పంపే 40, 140, 360 మెగాహెర్ట్జ్ బీకన్లను ఊటీలోనూ మరికొన్ని చోట్లా అయనోస్ఫియర్ వాళ్లు పట్టుకుని కూర్చునేవారు. ఒకే ఉపగ్రహానికి రెండు రకాల ప్రేక్షకులన్నమాట.

ఆ తర్వాత ఫ్లీట్‌శాట్ అని అమెరికా నౌకాదళం వాళ్లది, 73 డిగ్రీల తూర్పున ఉండేది. 244 మెగాహెర్ట్జ్. వాళ్ల కబుర్లు మనకెందుకు, ఆ సంకేతం వణుకు ఒక్కటే మాకు కావాలి. రాత్రంతా చార్టు కాగితం కదులుతుంటే ముందు కూర్చునేవాళ్లం. ఎనిమిదింటికి పెన్ను పిచ్చిపట్టినట్టు కొట్టుకునేది. సిరా అయిపోయేది, కాగితం చిరిగిపోయేది. మా సహాధ్యాయి ఒకడు టీకి వెళ్లి వచ్చేసరికి పెన్ను ఒకేచోట రుద్ది కాగితానికి కన్నం పెట్టింది. ఆ కన్నంలో ఉన్న డేటా గురించి వాడు థీసిస్‌లో ఏమి రాశాడో నేటికీ చెప్పడు.

ఓబులేసూ, నువ్వు పోల్ పట్టుకుని చూస్తున్నది మేము పెన్ను పట్టుకుని చూసినదే.

రోవర్_ఓబులేసు
సార్, మా కాంట్రాక్టరుకు ఇది చదివి వినిపిస్తే "ఆకాశంలో బుడగలా? నీ పెగ్గుల లెక్క చెప్పు" అంటాండాడు. ఆధారం చూపాల.

కేబుల్_కాశన్న
@అయనో_అక్క మీరు జెప్పింది మస్తుగుంది గని నాదొక ప్రశ్న. 2019ల మేము హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కకు మూడు నెలలు రాత్రి పూటనే పని జేసినం, ట్రాఫిక్ ఉంటదని. మార్చి, ఏప్రిల్ గూడ ఉండె అండ్ల. ఒక్క పాలి ఫిక్స్ పోలె. అప్పుడు బుడగలు సెలవు మీద ఉండెనా?

అయనో_అక్క
సెలవు మీదే ఉన్నాయి. సూర్యుడికి పదకొండేళ్ల సుమారు చక్రం ఉంటుంది. 2019 డిసెంబరు అట్టడుగు, అక్కడే 25వ చక్రం మొదలైంది. అట్టడుగు సంవత్సరాల్లో ఎఫ్ పొర పలచగా ఉంటుంది, సాయంత్రం పైకి తోసే క్షేత్రమూ బలహీనం. బుడగలు పుట్టినా ఎత్తుకు ఎక్కవు, హైదరాబాదు దాకా రావు. ఇప్పుడు చక్రం పైభాగంలో ఉన్నాం. పైగా మార్చి. మన రేఖాంశాల్లో మార్చి, ఏప్రిల్, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరు గట్టి సీజన్. రాత్రీ పగలూ సమానంగా ఉండే ఆ రోజుల్లో సూర్యాస్తమయపు గీత అయస్కాంత రేఖలతో దాదాపు సరిపోతుంది. కమాను రెండు కాళ్ల దగ్గరా ఒకేసారి చీకటి పడుతుంది.

కేబుల్_కాశన్న
సమజైంది. గని నేనింకా సగం జామర్ మీదనే ఉన్న.

హామ్_సుబ్బు
2002 మార్చిలో అఫ్గానిస్తాన్‌లో తాకుర్ ఘర్ యుద్ధం. కొండ మీదికి వెళ్తున్న అమెరికన్ హెలికాప్టర్‌కు "ఆ శిఖరం మీద దిగొద్దు" అనే రేడియో హెచ్చరిక అందలేదు. ప్లాస్మా బుడగ వల్లేనేమో అని 2014లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. ఆ సమయానికి టైమ్డ్ ఉపగ్రహంలోని కెమెరా ఆ ప్రాంతం మీద బుడగను చూసిందట.

డల్లాస్_బాబాయ్
@హామ్_సుబ్బు చదివాను. కొండలు అడ్డమున్నాయి, పరికరాల తిప్పలున్నాయి. బుడగ కూడా ఒక చెయ్యి వేసి ఉండొచ్చు అన్నారు, అదే చేసింది అనలేదు.

అయనో_అక్క
ఓబులేసు గారికి ఆధారం కావాలి కదా. ఒక చిన్న పని చెప్తాను, ఖర్చు లేదు.

జీపీఎస్ ఉపగ్రహాలు కదులుతుంటాయి కాబట్టి సంకేతం ఎప్పుడు పడింది అన్నదాంట్లో ఉపగ్రహం కదలికా బుడగ కదలికా కలిసిపోతాయి. కదలని ఉపగ్రహాలు రెండు మనకున్నాయి, గగన్‌వి, అంటే విమానాల కోసం జీపీఎస్ సవరణలు పంపే మన వ్యవస్థవి. మీ రిసీవర్లో ఎస్‌బాస్ (ఇలాంటి ఉపగ్రహ సవరణలు) ఆన్ చేస్తే 127, 128 అని నంబర్లు కనిపిస్తాయి. 127 జీశాట్-8, 55 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, మీకు నైరుతి వైపు. 128 జీశాట్-10, 83 డిగ్రీలు, దాదాపు నడినెత్తిన, కాస్త దక్షిణంగా. 350 కి.మీ. ఎత్తున ఈ రెండు దారులూ అయనోస్ఫియర్‌ను దాటే చోట్ల మధ్య తూర్పు పడమరలుగా సుమారు 210 కి.మీ. దూరం వస్తుంది, నేనిప్పుడే లెక్కేశాను.

బుడగలు రాత్రి తూర్పుకు కొట్టుకుపోతాయి, మామూలుగా సెకనుకు 100, 150 మీటర్లు. కాబట్టి ముందు 127 పడాలి, పావుగంట కాదు, గంట కాదు, అరగంట అటూ ఇటూగా 128 పడాలి. జామర్ అయితే రెండూ ఒకేసారి పడతాయి. కేబుల్ అయినా అంతే. ఎస్ఎన్‌ఆర్ (సంకేతం బలం) అంకెల్ని స్క్రీన్ మీద చూస్తూ టైమ్ రాసుకోండి. ఫోన్లో స్క్రీన్ రికార్డింగ్ పెట్టినా చాలు.

కేబుల్_కాశన్న
ఇది మంచి పరీక్ష. ఒకేసారి పడితె నాకు బిర్యానీ.

మిర్చిబజ్జి404
అరగంట తేడా వస్తే?

కేబుల్_కాశన్న
వస్తె అక్కకు. ఓబులేసు పైసలియ్యాలె 😀

కాకినాడ_బీటెక్
అక్కా నేను ఈసీఈ ఫైనల్ ఇయర్. దీని మీద ప్రాజెక్టు చేయొచ్చా? సింటిలేషన్ రిసీవర్ లక్షల్లో ఉందట. మా కాలేజీలో ఫ్యాన్ రిపేరుకే ఆరు నెలలు పట్టింది.

అయనో_అక్క
రిసీవర్ కొనక్కర్లేదు తమ్ముడూ. హైదరాబాదు ఎన్‌జీఆర్‌ఐలోనూ బెంగళూరు ఐఐఎస్‌సీలోనూ అంతర్జాతీయ జీపీఎస్ నెట్‌వర్క్ ఐజీఎస్ స్టేషన్లున్నాయి, 30 సెకన్ల రైనెక్స్ (జీపీఎస్ కొలతల) ఫైళ్లు ఉచితంగా దొరుకుతాయి. ఎల్1, ఎల్2 అనే రెండు జీపీఎస్ ఫ్రీక్వెన్సీల ఫేజ్‌ల తేడా తీస్తే దారి పొడవునా ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో, అంటే టెక్ ఎలా మారుతోందో వస్తుంది. నిమిషానికి ఎంత మారిందో చూడు. ఐదు నిమిషాలకోసారి దాని ప్రామాణిక విచలనం తీయి. అదే రోటీ.

మిర్చిబజ్జి404
చివరికి రోటీ దగ్గరికొచ్చింది, నాకిప్పుడు ఆకలేస్తోంది

అయనో_అక్క
రాత్రి 8 నుంచి 12 మధ్య రోటీ 0.5 దాటితే బుడగ ఉందని చాలామంది లెక్క. 2019 మార్చినీ ఇప్పటి మార్చినీ పక్కపక్కన గీస్తే ప్రాజెక్టు సగం అయిపోయినట్టే. ఒక జాగ్రత్త, సైకిల్ స్లిప్పులు తీసేయకుండా రోటీ లెక్కేస్తే ప్రతి రాత్రీ బుడగే కనిపిస్తుంది. నేను మొదటి ఏడాది అలాగే "కనిపెట్టేశాను". మా గైడ్ చూసి నవ్వి ఊరుకున్నారు, తిట్టినా బాగుండేది.

కాకినాడ_బీటెక్
ఎస్4 అంటే వేరేనా? సీనియర్ పీపీటీలో ఉంది

అయనో_అక్క
వేరే. సంకేతం బలం సగటు చుట్టూ ఎంత ఊగుతోందో చెప్పేది ఎస్4. 0.3 అంటే కాస్త వణుకు, 0.6 దాటితే గట్టిది. దానికి సెకనుకు 50 సార్లు కొలవాలి. 30 సెకన్ల ఫైల్లో రాదు. ఎల్1లో ఎస్4ను పెంచేది ముఖ్యంగా 400 మీటర్ల లోపు, అంటే మూడు నాలుగు వందల మీటర్ల సైజు ముద్దలు. రోటీ చూసేది కిలోమీటర్ల సైజువి. రెండూ ఒకే బుడగలో ఉంటాయి కానీ ఒకటి కాదు.

వాల్తేరు_పాతకాపు
మన తిరుపతి దగ్గర గాదంకి రాడార్ చూసేది ఇంకా చిన్నవి. 53 మెగాహెర్ట్జ్ కాబట్టి తరంగదైర్ఘ్యంలో సగం, మూడు మీటర్ల లోపు. అర్ధరాత్రి దాటాక ఆ చిన్నవి ముందు చచ్చిపోతాయి, పెద్దవి ఇంకా తేలుతూ ఉంటాయి. రాడార్‌లో ఏమీ లేదు, ఉపగ్రహ సంకేతం మాత్రం వణుకుతోంది అని తగువులాడుకునే రాత్రులుండేవి. ఎవరి యంత్రం వాళ్లకు ముద్దు.

డ్రోన్_దుర్గ
కొత్త రోవర్ కొనమని సేల్స్ అబ్బాయి వెంటపడుతున్నాడు. "ఎల్5 ఉంది మేడమ్, కొత్త సిగ్నల్, ఏ సమస్యా రాదు" అని. నిజమేనా?

అయనో_అక్క
ఎల్5కి వేరే మంచి గుణాలున్నాయి, పవరు ఎక్కువ. సింటిలేషన్ విషయంలో మాత్రం ఉల్టా. ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ వణుకు పెరుగుతుంది. ఎల్1 1575 మెగాహెర్ట్జ్, ఎల్5 1176. వణుకు మామూలుగా ఉన్నప్పుడు ఎల్5లో ఎస్4 ఒకటిన్నర రెట్లుంటుంది. జీపీఎస్ లాంటి మన సొంత వ్యవస్థ నావిక్‌లో ఎస్ బ్యాండ్ 2492 మీద ఉంది, అక్కడ ఎల్1లో సగమే. కాబట్టి ఎల్5 కోసం కొనండి, బుడగల కోసం కొనకండి. గ్లోనాస్, గెలీలియో, బైడూ లాంటి ఇతర ఉపగ్రహ వ్యవస్థలన్నీ పట్టే రిసీవర్ అయితే మేలు. బుడగ ఆకాశమంతా కప్పదు, వంద కిలోమీటర్ల వెడల్పు. పాతిక ఉపగ్రహాలుంటే పది పోయినా పదిహేను మిగులుతాయి.

డ్రోన్_దుర్గ
ఈ పోస్టు ఆ అబ్బాయికి పంపాను. చూసి నీలం టిక్కు పడింది, జవాబు లేదు.

గన్నవరం_గగనం
అందరూ గగన్ పేరెత్తారు కాబట్టి. విమానాలకు ఇదే సమస్య పెద్ద తలనొప్పి. గగన్ దేశమంతా 15 రిఫరెన్స్ స్టేషన్లతో అయనోస్ఫియర్ ఆలస్యం కొలిచి, 5 డిగ్రీల గళ్లలో సవరణలు పంపుతుంది. ఒక్కో గడి 500 కి.మీ. పైనే. మధ్యలోంచి వంద కి.మీ. బుడగ వలలో చేపపిల్లలా జారిపోవచ్చు. అందుకే ప్రతి గడికీ "ఇక్కడ నన్ను ఇంతవరకే నమ్ము" అని ఒక హద్దు కూడా పంపాలి. అమెరికా వాళ్ల నమూనా ఇక్కడ కుదరలేదు, వాళ్లకు అయనోస్ఫియర్ నునుపు. ఇస్రో మన కోసం వేరే నమూనా కట్టుకుంది, ఒక్క పొర బదులు ఎక్కువ పొరలుగా. 2013 డిసెంబరు 30న మొదటి ధ్రువీకరణ, 2015 ఏప్రిల్ 21న నిలువు మార్గదర్శనంతో రెండోది. భూమధ్యరేఖ ప్రాంతంలో ఇది సాధించిన మొదటి వ్యవస్థ మనదే.

కేబుల్_కాశన్న
ఇవాళ ఓబులేసు ఏడ? ఏడున్నరయింది. ప్రేక్షకులు కూసున్నరు.

మిర్చిబజ్జి404
బజ్జీలు రెడీ

రోవర్_ఓబులేసు
రెండు రాత్రులు చూసినా. మొన్న రాత్రి ఏమీ లేదు. మొత్తం ఫిక్స్, ఒక్క నిమిషం కూడా పోలేదు. కాంట్రాక్టరు పక్కనే నిలబడుకోని "ఏవయ్యా, బుడగలు రాలేదే" అని నవ్వినాడు. ప్రాణం పోయినంత పనైంది.

నిన్న చూడండి. పడమటి పక్క ఉపగ్రహాలు 7:40కే వణకడం మొదలు. 127 బలం 8:05కి ధబేల్న పడింది. లేచింది, మళ్లీ పడింది, అట్లా ఇరవై నిమిషాలు. 128 అప్పటిదాకా కదల్లేదు, గుడి గంట మాదిరి నిలబడింది. 8:32కి అదీ పడింది. తేడా 27 నిమిషాలు. నా ఫిక్స్ పోయింది 8:10కి. తూర్పు పక్కవి తొమ్మిది దాటినాక ఊగినాయి, అప్పటికి పడమటివి బాగైపోయినాయి. రెండు ఫోన్లలో రికార్డు చేసినా.

అయనో_అక్క
210 కి.మీ., 27 నిమిషాలు. సెకనుకు 130 మీటర్లు!! ఓబులేసు గారూ, మీరు పోల్ పట్టుకుని ప్లాస్మా బుడగ వేగం కొలిచారు. దీనికి మేము మూడు రిసీవర్లు, రెండేళ్ల గ్రాంటు అడుగుతాం. ఆ వీడియోలు నాకు పంపుతారా?

వాల్తేరు_పాతకాపు
కాగితం చిరగకుండా కొలిచాడు. భేష్.

కాకినాడ_బీటెక్
మొన్న ఎందుకు రాలేదు మరి? సీజన్ అదే, సూర్యుడూ అదే కదా

అయనో_అక్క
ఇదే మా అందరి పొట్ట కొట్టేది, పొట్ట నింపేది కూడా. ఏ నెలలో, ఏ గంటల్లో అంటే కళ్లు మూసుకుని చెప్తాం. ఈ రాత్రి వస్తుందా రాదా అంటే నికరంగా చెప్పడం కష్టం. సాయంత్రం పొర ఎంత వేగంగా లేచింది, కింది వాతావరణం నుంచి వచ్చిన అలలు దాన్ని కదిపాయా, గాలులు ఎటు వీచాయి, అన్నీ కలవాలి. నిన్న కలిశాయి, మొన్న కలవలేదు.

డల్లాస్_బాబాయ్
పని మాట. ఇప్పుడు ఆయన ఏం చేయాలి? బుడగ వేగం బిల్లులో పెట్టలేడు కదా.

అయనో_అక్క
తెల్లవారుజాము 4 నుంచి 9 దాకా మార్చుకోండి. ఈ సీజన్లో ఆ వేళకు బుడగలు చాలావరకు మాసిపోతాయి. రాత్రే చేయాలంటే 7:30 నుంచి 10 మధ్య పెగ్గు కొట్టకండి, ఆ టైములో భోజనం పెట్టుకోండి. తప్పదంటే ప్రతి పాయింటు ఫిక్స్ వదిలేసి మళ్లీ పట్టి రెండుసార్లు కొలవండి, రెండూ కలిస్తేనే కొట్టండి. మే, జూన్ వచ్చేసరికి మీ దగ్గర బాగా తగ్గుతుంది.

రోవర్_ఓబులేసు
కాంట్రాక్టరుకు వీడియోలు చూపించినా. రెండుసార్లు చూసి, "సరే, రేపటి నుంచి తెల్లారుజామున రాండి" అన్యాడు. పట్టుకున్న కూలి మాట ఎత్తితే "అది బుడగలను అడుగు" అన్యాడు.

డ్రోన్_దుర్గ
ఆ మాట కూడా రికార్డు చేయాల్సింది అన్నా

కేబుల్_కాశన్న
ఒప్పుకున్న. అక్కకు బిర్యానీ బాకీ. జామర్ గాదు.

గని ఓబులేసు, నువ్వు పెట్టిన వీడియోల యాంటెన్నా కాడ కేబుల్‌కు టేపు సుట్టి ఉన్నది, నేను జూసిన. అది మాత్రం మార్చు.